ఇంట్లో పాప ఫొటోలకి 35 ఎంఎం లెన్స్ మంచిదా, 50 ఎంఎం లెన్స్ మంచిదా?

ప్రశ్న:
నా దగ్గర ఏపీఎస్-సి (చిన్న సైజు) సెన్సర్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ కిట్ లెన్స్ ఉన్నాయి. పగలు బయట ఫొటోలు బాగానే వస్తున్నాయి కానీ, రాత్రి ఇంట్లో లైట్ల కింద పాప ఆడుకుంటుంటే తీసినవి మాత్రం మసగ్గా, చేతులు సాగిపోయినట్టు వస్తున్నాయి. తీసేది ఆటో మోడ్‌లో, స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంటుంది. కొందరు 50 ఎఫ్/1.8 కొనమంటున్నారు, కొందరు 35 అంటున్నారు. ఏది కొనమంటారు, లేక సెట్టింగ్స్ మారిస్తే సరిపోతుందా?

జవాబు 1:
ముందు అలా వచ్చిన ఫొటో ఒకటి తెరిచి షటర్ స్పీడ్ (షటర్ తెరిచి ఉండే సమయం) ఎంతుందో చూడండి. వెనక గోడ, సోఫా శుభ్రంగా ఉండి పాప చేతులు మాత్రమే సాగాయంటే స్పీడ్ చాలలేదన్నమాట. స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణికితే కాపాడుతుంది గానీ పాప కదిలితే అదేం చేయలేదు. షటర్ ప్రయారిటీలో (స్పీడ్ మీరే ఎంచుకునే మోడ్) 1/250 సెకను పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) ఆటోలో వదిలేసి, పై హద్దు 6400 ఇవ్వండి. నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుంది, రానివ్వండి. దాన్ని తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన మొహాన్ని బాగుచేయడం చాలా కష్టం.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే కానీ లెన్స్ కూడా అవసరమే అండీ. మీ కిట్ లెన్స్ 55 దగ్గర సాధారణంగా ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు (ఎఫ్ అంకె చిన్నదయ్యే కొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది), ఎఫ్/1.8 అంటే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు, అంటే అదే షటర్ స్పీడ్‌కి ఐఎస్ఓ 6400 అడిగే చోట 640తో పనైపోతుంది. ఇక 35, 50 సంగతి: మీ సెన్సర్ మీద 50 పెడితే ఫుల్‌ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సర్ కెమెరాలో) 75-80 పెట్టినంత ఇరుకుగా కనిపిస్తుంది, చిన్న గదిలో వెనక్కి జరుగుతూ జరుగుతూ గోడకి ఆనుకున్నా పాప మొత్తం ఫ్రేమ్‌లో పట్టదు. కిట్ లెన్స్‌నే ఒక సాయంత్రమంతా 35 దగ్గర, ఇంకో సాయంత్రం 50 దగ్గర ఉంచి, జూమ్ ముట్టుకోకుండా తీసి చూడండి. నా ఓటు 35కే.

జవాబు 3:
ఆటలకి 35 సరే, మొహం దగ్గరగా కావాలంటే మాత్రం 50నే. 35తో ఫ్రేమ్ నిండా మొహం రావాలంటే బాగా దగ్గరికెళ్లాలి, అప్పుడు ముక్కు పెద్దగా కనిపిస్తుంది. ఇంకో విషయం, ఎఫ్/1.8 ఉంది కదా అని ఎప్పుడూ అక్కడే ఉంచకండి. మీటరు దూరంలో 50 మీద స్పష్టంగా ఉండేది మూడు సెంటీమీటర్ల మందమే, పాప తల కొంచెం తిప్పితే ఒక కన్ను బాగుండి రెండోది మసకబారుతుంది. ఎఫ్/2.8 దాకా మూసి, ఫోకస్ కంటిన్యువస్‌లో (పాప కదిలినా వెంబడించేలా) పెట్టండి, ఐ డిటెక్షన్ (కంటిని గుర్తించి ఫోకస్ చేసేది) ఉంటే అదీ ఆన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, అన్నీ 1/40 సెకను దగ్గరే ఉన్నాయి! జూమ్ కూడా ఎక్కువగా 28-38 మధ్యే వాడినట్టున్నాను, అయితే 35కే వెళ్తాను. ఇంకొక్కటి, పగలు కిటికీ ముందు నిలబెడితే మొహం నల్లగా వస్తోంది, ఇదీ లెన్స్ వల్లేనా?

జవాబు 2:
కాదండీ. వెనక వెలుతురు చూసి కెమెరా మొత్తం ఫొటోని డార్క్ చేసేస్తోంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 నుంచి పెంచుతూ చూడండి, కిటికీ తెల్లగా పోయినా మొహం తేలుతుంది. అంతకంటే తేలిక, పాపని కిటికీ వైపు తిప్పి మీరు పక్కకి రండి.