కాన్ఫరెన్సుల్లో మాట్లాడినవాళ్లకి కోడింగ్ రౌండ్ తీసేయొచ్చా?

వర్తూరు_వెబ్

సీనియర్ ఫ్రంటెండ్ (యూజర్‌కి కనిపించే పేజీలు కట్టే) పోస్టులకి ఇంటర్వ్యూలు చేసేవాళ్లని అడుగుతున్నా. బెంగళూరు కంపెనీల్లో ఈ పేచీ తరచూ వస్తుంది. అభ్యర్థి రెజ్యూమెలో రెండు మూడు టాక్‌లు ఉంటాయి, యూట్యూబ్ లింకులు కూడా ఇస్తారు. రిక్రూటర్ వెంటనే "అంత మందిలో మాట్లాడినాయనకి కోడింగ్ రౌండ్ ఏంటండీ, నేరుగా మేనేజర్‌తో కలిపేద్దాం" అంటారు. నోటీసు పీరియడ్ 90 రోజులు కాబట్టి ఈలోపు ఇంకో రెండు ఆఫర్లు వచ్చిపడతాయన్న భయం దానికి తోడు.

నేనైతే తీసేయకూడదనే అంటాను. అలాగని అందరికీ పెట్టే ఆ స్ట్రింగ్ తిరగేసే లెక్కలే వీళ్లకీ పెట్టడం దండగ. మరి ఏం పెట్టాలి? కారణాలతో చెప్పండి.

కోరమంగళ_కృష్ణ

తీసేయాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. 2009లో బెర్లిన్‌లో జేఎస్‌కాన్ఫ్ ఈయూ అనే జావాస్క్రిప్ట్ కాన్ఫరెన్సు వేదిక మీద ర్యాన్ డాల్ నోడ్ జేఎస్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపేది) చూపించాడు. 2015లో పారిస్‌లో రియాక్ట్ యూరప్ వేదిక మీద డాన్ అబ్రమోవ్ రిడక్స్ అనే లైబ్రరీ (యాప్ డేటాని ఒకచోట పెట్టి నడిపేది) చూపించాడు, అదే ఏడాది ఫేస్‌బుక్‌లో చేరాడు. ఇలాంటి వాళ్లని కూర్చోబెట్టి బైనరీ ట్రీ తిరగెయ్యమంటే మనకి కొత్తగా తెలిసేదేముంది?

సీనియర్ పనిలో సగం వివరించడమే. డిజైన్ డాక్ రాయాలి, రివ్యూలో ఎందుకు వద్దో చెప్పాలి, ప్రాడక్ట్ వాళ్లని ఒప్పించాలి. అరగంట టాక్‌లో ఇవన్నీ కనిపిస్తాయి. చివర్లో తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలకి ఆ మనిషి ఎలా జవాబిస్తున్నాడో చూడండి, అంతకన్నా నిఖార్సైన పరీక్ష ఉండదు. ముక్కూమొహం తెలియని మనిషి స్క్రీన్ అవతల గమనిస్తుండగా 45 నిమిషాలు కోడ్ రాయించడంలో బయటపడేది కంగారు మాత్రమే.

హెబ్బాళ_హారిక

కృష్ణ గారూ, మీరు చెప్పిన ఇద్దరూ తాము కట్టినదాన్నే చూపించారు. కోడ్ అందరి ముందూ ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. రెజ్యూమెల్లో కనిపించే టాక్‌లు ఎక్కువ భాగం వేరేవాళ్లు కట్టినదాన్ని వివరించేవి. అవి పనికిరావని కాదు, మంచి టీచర్ మనకి కావాలి. కానీ అది ఒక నైపుణ్యానికే సాక్ష్యం.

టాక్‌లో డెమో ఎలా తయారవుతుందో చూడండి. డేటా లోకల్‌హోస్ట్‌లో, అంటే ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, పది వరుసలుంటాయి, నెట్ పోతే చూపించడానికి ముందే రికార్డ్ చేసిన వీడియో పక్కన ఉంటుంది. వేదిక మీద అలాగే చేయాలి, తప్పేం లేదు. ప్రొడక్షన్‌లో (నిజమైన యూజర్లు వాడే చోట) అదే లిస్టు పదివేల వరుసలైతే వర్చువలైజేషన్ పెడతాం, అంటే తెర మీద కనిపించే వరుసల్ని మాత్రమే గీస్తాం. పెట్టగానే కంట్రోల్-ఎఫ్ పనిచేయదు, ఎందుకంటే తెర మీద లేని వరుసలు అసలు డామ్‌లోనే (బ్రౌజర్ దగ్గరుండే పేజీ నిర్మాణంలో) ఉండవు. వరుసల ఎత్తు ఒకేలా లేకపోతే స్క్రోల్ ఎగిరెగిరి పడుతుంది. స్క్రీన్ రీడర్‌కి (చూపు లేనివాళ్లకి పేజీ చదివి వినిపించేదానికి) మొత్తం ఎన్ని వరుసలో తెలియదు, ఆ లెక్క చెప్పే ఆరియా-రోకౌంట్ మనమే ఇవ్వాలి. జీతం ఇచ్చేది ఈ పనికి, ఇది ఏ స్లైడులోనూ ఉండదు.

ఇంకో మాట. అబ్రమోవే 2018లో తనకి తెలియనివేంటో బ్లాగులో జాబితా రాశాడు, అందులో పేజీ అమరికకి వాడే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ ఉన్నాయి. అంత నిజాయితీ గొప్ప విషయం. ఒక లోతు చూసి మిగతా లోతులన్నీ ఉంటాయనుకోకూడదని చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

సీఎస్ఎస్_సుబ్బు

హారిక గారి మాటే నాదీను. ఏం పెట్టాలని వర్తూరు అన్న అడిగారు కదా, దానికి జవాబు.

ఖాళీ ఫైలు ఇవ్వకండి. చిన్న రిపో (ముందే రాసిన కోడ్ ఫైళ్ల కట్ట) ఇవ్వండి: ఒక సెర్చ్ బాక్సు, కింద సూచనల జాబితా, సర్వర్‌లా జవాబిచ్చే నకిలీ ఏపీఐ. ఆ ఏపీఐ కావాలని ఒక్కోసారి 100 మిల్లీసెకన్లకీ ఒక్కోసారి 2 సెకన్లకీ జవాబిస్తుంది. మొత్తం 60 నిమిషాలు: చదవడానికి పది, చేతిపనికి ముప్పై ఐదు, మాటలకి పదిహేను. సొంత ల్యాప్‌టాప్, సొంత ఎడిటర్, నెట్‌లో వెతుక్కోవచ్చు. ఏఐ టూల్ వాడొచ్చో లేదో ముందురోజే మెయిల్‌లో చెప్పండి, లేకపోతే ఒకరు వాడతారు, ఒకరు మొహమాటపడతారు, పోలిక చెడిపోతుంది.

ఏం చూడాలంటే:

మొదటిది జవాబులు తారుమారవడం. "హై" అని కొట్టి వెంటనే "హైద" అని కొడితే, "హై" జవాబు ఆలస్యంగా వచ్చి "హైద" జాబితాని చెరిపేస్తుంది. చాలామంది 300 మిల్లీసెకన్ల డీబౌన్స్ (టైపింగ్ ఆగి అంతసేపయ్యాకే రిక్వెస్టు పంపడం) పెట్టి అయిపోయిందంటారు. డీబౌన్స్ రిక్వెస్టుల సంఖ్య తగ్గిస్తుందే గాని వరుస తప్పడాన్ని ఆపదు. బ్రౌజర్ ఇచ్చే అబార్ట్ కంట్రోలర్‌తో పాత రిక్వెస్టుని రద్దు చేయాలి. రద్దు చేయగానే ఆ ఫెచ్ (రిక్వెస్టు పంపిన పిలుపు) అబార్ట్ ఎర్రర్‌తో విఫలమవుతుంది, దాన్ని విడిగా పట్టుకోకపోతే తెర మీద ఎర్రర్ మెసేజీ మెరిసి మాయమవుతుంటుంది. రియాక్ట్ అనే లైబ్రరీ వాడితే ఈ రద్దు యూజ్‌ఎఫెక్ట్ క్లీనప్‌లో (పాత పనిని సర్దేసే చోట) ఉండాలి.

రెండోది క్లిక్కు. జాబితాలో ఒక పేరు మీద మౌస్ నొక్కగానే ముందు ఇన్‌పుట్‌కి బ్లర్ తగులుతుంది (ఫోకస్ పోతుంది), జాబితా మూసుకుపోతుంది, క్లిక్ చేరేసరికి అక్కడ ఏమీ ఉండదు. దీన్ని సెట్‌టైమౌట్ 200 పెట్టి, అంటే మూయడాన్ని 200 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి దాటేసేవాళ్లుంటారు. మెల్లగా నొక్కి వదిలేవాళ్ల దగ్గర అది మళ్లీ విరుగుతుంది. ఆప్షన్ మీద మౌస్‌డౌన్‌లో ప్రివెంట్ డీఫాల్ట్ ఇస్తే (బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపితే) ఫోకస్ ఇన్‌పుట్‌లోనే ఉంటుంది, సమస్యే రాదు.

మూడోది కీబోర్డు. ఫోకస్ ఇన్‌పుట్‌లోనే ఉండాలి, బాణం కీలతో కదిలినప్పుడు ఆరియా-యాక్టివ్‌డిసెండెంట్ (ఏ పేరు మీద ఉన్నామో స్క్రీన్ రీడర్‌కి చెప్పేది) మారాలి, ఎస్కేప్ కొడితే మూసుకోవాలి. అక్షరాలు కలుపుతూ టైప్ చేసే కీబోర్డులో పదం ఇంకా పూర్తికాకముందే ఎంటర్ కొడితే అది పదాన్ని ఖాయం చేయడానికి, సెర్చ్ సబ్మిట్ చేయడానికి కాదు. కీడౌన్‌లో ఈజ్‌కంపోజింగ్ (పదం ఇంకా కలుపుతున్నారా అని చెప్పేది) చూడకపోతే సగం పదంతో సెర్చ్ వెళ్లిపోతుంది. మన భాషల్లో టైప్ చేసేవాళ్ల కోసం సైట్లు కడుతూ దీన్ని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

మూడూ గంటలో ఎవరూ పూర్తి చేయరు, చేయనక్కర్లేదు. మొదటిది చేసి, రెండోది కనిపెట్టి, మూడోదాని గురించి మాట్లాడగలిగితే సీనియరే.

మడివాళ_రమ్య

ఇంతవరకూ టాక్ ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. టాక్ లేనివాళ్ల సంగతేంటి?

2011లో హస్‌గీక్ అనే సంస్థ ఇక్కడ జేఎస్‌ఫూ కాన్ఫరెన్సు మొదలుపెట్టినప్పటినుంచీ ఈ ఊళ్లో వేదికలకి కొదవ లేదు. కానీ వేదిక ఎక్కడానికి శనివారం ఖాళీగా ఉండాలి, తడబడకుండా ఇంగ్లీషు మాట్లాడాలి, అన్నిటికన్నా ముందు చెప్పుకోదగ్గ పని బయట చెప్పడానికి అనుమతి ఉండాలి. సర్వీసు కంపెనీలో ఉండి విదేశీ బ్యాంకుకో ఇన్సూరెన్సు కంపెనీకో కోడ్ రాసేవాళ్లు క్లయింటు పేరు కూడా పైకి అనకూడదు, ఇక స్క్రీన్‌షాట్ ఎక్కడిది? మన తెలుగువాళ్లలో ఎంతమంది ఆ ప్రాజెక్టుల్లో ఉన్నారో ఈ చర్చ చదువుతున్నవాళ్లకి వేరే చెప్పాలా. అనంతపురంలోనో ఖమ్మంలోనో తెలుగు మీడియం చదివి వచ్చిన అమ్మాయి సుబ్బు చెప్పిన మూడు తప్పులూ పట్టేయగలదు. ఆమెకి మూడు రౌండ్లు, వీడియో ఉన్నాయనకి ఒకటా?

టాక్ ప్రతిపాదనలు ఎంచేటప్పుడు మొదటి విడతలో పేర్లు దాచి చదివే కాన్ఫరెన్సులు ఉన్నాయి. ఆ జాగ్రత్త వేదికకి ఉండి, ఉద్యోగానికి లేకపోవడం అన్యాయం. అందరికీ అదే రిపో, అదే గంట. మార్కుల షీటు ముందే రాసి పెట్టుకోవాలి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు మార్కులు వేశాకే ఆ వీడియో చూడాలి. ముందే చూస్తే అభ్యర్థి తడబడినా "తెలిసే ఉంటుందిలే" అని మనమే పూరించేస్తాం.

కోరమంగళ_కృష్ణ

రమ్య గారి అభ్యంతరం బలమైనది, ఒప్పుకుంటున్నా. సుబ్బు రిపో కూడా నేను తిట్టిన రకం కాదు. అయినా టాక్‌ని పూర్తిగా పక్కన పెట్టడం మనకే నష్టం. డిజైన్ రౌండ్‌లో ఊహాజనితమైన ప్రశ్న బదులు ఆ మనిషి టాక్‌లోంచే అడగండి.

ఉదాహరణకి టాక్ పెర్ఫార్మెన్స్ గురించి అనుకోండి, లైట్‌హౌస్ (గూగుల్ వాళ్ల పేజీ పరీక్ష) స్కోరు 45 నుంచి 95కి తెచ్చామని స్లైడు ఉంది. "అయినా గూగుల్ సెర్చ్ కన్సోల్ రిపోర్టులో ఇంకా ఎర్రగానే ఉంది, ఎందుకు?" అని అడగండి. తెలిసినవాళ్లు ఇలా విప్పుతారు: లైట్‌హౌస్ ఒక మెషీన్ మీద ఒకసారి చేసే పరీక్ష. సెర్చ్ కన్సోల్‌లో కనిపించేది నిజమైన యూజర్ల లెక్క, 28 రోజులది కలిపి. కాబట్టి నిన్న డిప్లాయ్ చేసింది ఇవాళ కనిపించదు. పైగా 75వ పర్సంటైల్ (నూటికి 75 మందికి అంతకన్నా బాగుండే అంకె) చూస్తారు, అంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్లవాళ్లు లెక్కలోకి వస్తారు. ఎల్‌సీపీ (పేజీలో పెద్ద భాగం కనిపించే సమయం) 2.5 సెకన్లు, ఐఎన్‌పీ (నొక్కాక పేజీ స్పందించే సమయం) 200 మిల్లీసెకన్లు, సీఎల్ఎస్ (పేజీ అమరిక కదిలిపోయే కొలత) 0.1 లోపు ఉండాలి. 2024 మార్చిలో ఎఫ్ఐడీ అనే పాత కొలత బదులు ఐఎన్‌పీ వచ్చింది. మామూలుగా పేజీ లోడ్ చేసి చూసే లైట్‌హౌస్ ఏ బటనూ నొక్కదు కాబట్టి ఐఎన్‌పీ ఇవ్వలేదు, టోటల్ బ్లాకింగ్ టైమ్ (లోడవుతుండగా పేజీ ఎంతసేపు బిగుసుకుందో) చూపిస్తుంది. ఫిల్టర్ నొక్కినప్పుడు అరసెకను బిగుసుకుపోయే పేజీకి కూడా 95 రావచ్చు.

ఇక్కడిదాకా సొంతంగా వచ్చినవాళ్లు ఆ పని చేసినవాళ్లే. "క్యాష్ క్లియర్ చేసి చూడాలి" దగ్గర ఆగినవాళ్లు స్లైడు చేశారు.

వర్తూరు_వెబ్

ఇది బాగుంది. అయితే రమ్య గారి షరతు దీనికీ వర్తించాలి. టాక్ లేనివాళ్లని తాము చేసిన ఒక పనిని, క్లయింటు పేరు లేకుండా, పది నిమిషాలు బోర్డు మీద గీసి చెప్పమనాలి. ఆ పనిలోంచే కృష్ణ గారు అడిగినంత లోతుగా అడగాలి. అప్పుడు రెండు రకాలవాళ్లకీ రౌండ్ల సంఖ్య ఒకటే: సుబ్బు రిపో ఒక గంట, ఈ మాట్లాడే రౌండ్ ఒక గంట, తర్వాత మేనేజర్.

రిక్రూటర్ తొందరకి రౌండ్ కొట్టేయడం మందు కాదు. రెండు రౌండ్లూ ఒకే రోజు పెట్టి, మర్నాడు మధ్యాహ్నంలోపు అవునో కాదో చెప్తే చాలు. ఎక్కువగా ఆలస్యమయ్యేది రౌండ్ల మధ్య క్యాలెండర్ దొరక్కే.

సుబ్బూ, ఆ నకిలీ ఏపీఐలో ఆలస్యాన్ని రాండమ్‌గా పెడుతున్నావా, లేక ఫలానా అక్షరానికి ఇంత అని ఖాయం చేస్తున్నావా? రాండమ్ అయితే ఒకరికి తప్పు కనిపిస్తుంది, ఇంకొకరికి గంటంతా కనిపించకపోవచ్చు.

సీఎస్ఎస్_సుబ్బు

ఖాయమే చేయాలి, అన్నా. రెండు క్యారెక్టర్ల దాకా వెతుకులాటకి 2 సెకన్లు, మూడు నుంచి 100 మిల్లీసెకన్లు. అప్పుడు వేగంగా టైప్ చేసిన ప్రతివాళ్లకీ తప్పు తప్పకుండా ఎదురవుతుంది. రాండమ్ పెడితే అదృష్టానికి మార్కులు వేసినట్టే.