ఆకు గాలి "పీలుస్తుంది" అనొచ్చా?

ప్రశ్న: పిల్లల కోసం సైన్సు వ్యాసం రాస్తున్నానండీ. "ఆకులు పగలు కార్బన్ డయాక్సైడ్ పీల్చి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి" అని రాశాను. 'పీల్చి' సరికాదని ఒకరన్నారు. వేరే తేలికైన మాట చెబుతారా?

జవాబు: వారి అభ్యంతరం అర్థమైంది. ఊపిరి పీల్చేటప్పుడు మన ఛాతీ కండరాలు గాలిని లోపలికి లాగుతాయి. ఆకులో లాగేది ఏదీ లేదు. ఎండలో లోపలి కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడేస్తుంటాయి కనుక అక్కడ దాని గాఢత బయటికంటే తగ్గుతుంది. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి వాయువు దానంతటదే చేరుతుంది. గాలిలో అది సుమారు 0.04 శాతమే, అయినా ఈ తేడాతోనే పని జరిగిపోతుంది. ఆక్సిజన్ బయటికి పోవడమూ ఇలాగే.

నిజానికి నాకు క్రియతో కన్నా 'రాత్రి'తోనే పేచీ ఎక్కువ. మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ జోరు ఎక్కువ కాబట్టి ఆ శ్వాస లెక్కలో కనబడదు, అంతే. మీ వాక్యం చదివిన పిల్లలు మొక్క పగలు శ్వాసించదనుకుంటారు.

మరొకరు: కండరాలు లేకపోతే 'పీల్చు' కుదరదంటే ఎలాగండీ? దూది నీళ్లు పీల్చుకుంటుంది, నేల వాన పీల్చుకుంటుంది అంటాం కదా!

జవాబు: మంచి మాట పట్టారు. తేడా 'కొను'లో ఉంది. 'పీల్చు' అంటే ప్రయత్నం స్ఫురిస్తుంది. 'పీల్చుకొను' అన్నాక అది తగ్గిపోతుంది. దూది నీళ్లు పీలుస్తుంది అని మనం అనం. కాబట్టి "ఆకు పీల్చుకుంటుంది" అంటే నాకేం ఇబ్బంది లేదు. ఇంకా సాదాగా కావాలంటే "తీసుకుంటుంది".

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఆకు మీద వాయువులు వచ్చిపోయే సన్నని రంధ్రానికి 'పత్రరంధ్రం' అని రాశాను, అలాగే ఉంచనా?

జవాబు: ఉంచండి, పాఠాల్లో స్థిరపడిపోయింది. కాకపోతే రంధ్రం అనగానే ఎప్పుడూ తెరిచి ఉండే బెజ్జం అనిపిస్తుంది. దీని ఇంగ్లిషు పేరు స్టోమా, అంటే గ్రీకులో నోరు. తెరుచుకుని మూసుకునే గుణం ఆ పేరులోనే ఉంది. అందుకని ఒక వాక్యం కలపండి: రంధ్రానికి అటూ ఇటూ రెండు రక్షక కణాలుంటాయి, వాటిలోకి పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు చేరితే అవి ఉబ్బి వంగుతాయి, మధ్యలో సందు తెరుచుకుంటుంది. నీరు తగ్గితే సడలి మూసుకుంటాయి. ఈ మూత అవసరమే, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ వచ్చే దారిలోనే నీటి ఆవిరి బయటికి పోతుంది. వేళ్లు తీసుకున్న నీటిలో చాలా భాగం పోయేది అలాగే.

మరొకరు: అనాస, కలబంద సంగతి మరిచారు! అవి ఎక్కువగా రాత్రే రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పగలు మూసుకుని వాడుకుంటాయి. 'పగలు' ముందు 'చాలా మొక్కల్లో' అని చేర్చండి.