ఎవరి ఎడమ? కారు స్టీరియో దగ్గర దాపల, వలపల

ప్రశ్న: కారులో ఆడియో, నావిగేషన్ భాగాలు ఎక్కడుంటాయో చెప్పే పట్టికను తెలుగు చేస్తున్నాను. 'ఆంప్లిఫయర్: డిక్కీలో ఎడమ ప్యానెల్ వెనక', 'జీపీఎస్ యాంటెనా: డ్యాష్‌బోర్డు పైన, డ్రైవర్ వైపు' అని ఉంది. ఎవరి ఎడమ? 'డ్రైవర్ వైపు' అలాగే ఉంచెయ్యొచ్చా?

వ్యాఖ్య 1: ఉంచకండి. పట్టిక అమెరికా బండిదైతే అక్కడ డ్రైవరు ఎడమ సీట్లో ఉంటాడు, మన దగ్గర కుడి సీట్లో. స్టీరింగ్ పక్క మారితే కొన్ని భాగాలు దాంతోపాటే మారతాయి, కొన్ని ఉన్నచోటే ఉంటాయి. ఎడమ, కుడి అనే రాయండి, అదీ లోపల ముందుకు చూస్తూ కూర్చున్నవాడి లెక్కన. విడిభాగాల డబ్బాల మీద ఎల్‌హెచ్ (ఎడమ), ఆర్‌హెచ్ (కుడి) అని ఉండేదీ ఆ లెక్కే. డిక్కీ దగ్గర నిలబడితే మన ఎడమే బండి ఎడమ. బానెట్ ఎత్తి నిలబడితే తారుమారు.

వ్యాఖ్య 2: దీనికి మాటలు మనకెప్పుడో ఉన్నాయి కదండీ: దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు, కొన్నిచోట్ల ఎలపట. తోలేవాడు ఎదురుగా వచ్చి ముకుతాడు పట్టుకున్నా దాపటెద్దు దాపటెద్దే.

వ్యాఖ్య 3: మాట భేషుగ్గా ఉంది గానీ, షెడ్డులో 'దాపల విప్పు' అంటే కుర్రాడు మన మొహం చూస్తాడు. అక్కడ డ్రైవర్ సైడు, లారీలకైతే క్లీనర్ సైడు.

అసలు చిక్కు సెట్టు వెనక. అక్కడ వైర్లు తగిలించే ఐఎస్ఓ సాకెట్టు పవర్ భాగంలో 4వ పిన్ను ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, 7 తాళం తిప్పితే వచ్చేది, 8 ఎర్తు. బొమ్మ పిన్నుల వైపు నుంచి గీశారా, వైర్లు దూరే వైపు నుంచా అని రాయకపోతే చదివేవాడు అద్దంలో చూసినట్టు చదువుతాడు, 8 అనుకుని 2 మీద పెడతాడు. కొన్ని కార్లలో 4, 7 కంపెనీ నుంచే అటూఇటూ ఉంటాయి. అప్పుడు తాళం తీసిన ప్రతిసారీ సెట్టు గడియారం, స్టేషన్లు మరిచిపోతుంది. తాళం తీసేసి మల్టీమీటరుతో చూడండి: 12 వోల్టులు చూపించేదే నిత్యం వైరు. విడిగా కొనే సెట్లకు సాధారణంగా పసుపు నిత్యం, ఎరుపు తాళం, నలుపు ఎర్తు. స్పీకర్లకు తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్. బిగించాక బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పితే తెలిసిపోతుంది, ఎడమ స్పీకర్లే మోగాలి.

వ్యాఖ్య 4: 'పైన' కూడా చూసుకోండి. డ్యాష్‌బోర్డు మీదా, లోపల పై ప్లాస్టిక్ కిందా? చాలా కార్లలో యాంటెనా లోపలే దాక్కుంటుంది. ప్లాస్టిక్ సిగ్నల్‌ను ఆపదు, దాని మీద రేకు ముక్క ఉంటే ఆపుతుంది. లోహపు పూత ఉన్న ముందు అద్దమూ అంతే.

ప్రశ్న వేసినవారు: అయితే 'డ్యాష్‌బోర్డు పై ప్లాస్టిక్ కింద, బండి ఎడమ పక్క' అంటే సరిపోతుందా?

వ్యాఖ్య 1: మూలం అమెరికా బండిదేనని తేలితే సరే. పట్టిక మొదట్లో 'ముందుకు చూస్తూ కూర్చుంటే' అని ఒక్కసారి రాసెయ్యండి, ప్రతి వరుసలో అక్కర్లేదు.