అప్‌డేట్: కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ చదవడం లేదన్న ప్రశ్నకు ముగింపు

నాకు చూపు లేదు. మహబూబ్‌నగర్‌లోని మా గదిలో డప్పు మిక్సింగ్ చేస్తుంటే కింది స్థాయి (బేస్) మోత ఎక్కువవుతోందని, డబ్బు పెట్టి కొన్న, గదిలో ధ్వనిని మైకుతో కొలిచి స్పీకర్లను సరిచేసే కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్ మైకు ఎక్కడ పెట్టాలో తెరమీద బొమ్మలో చూపడమే తప్ప తెరమీది రాతను చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏకు ఒక్క ముక్క అందించదని అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది ఈక్వలైజర్ ఏపీఓ, అంటే విండోస్‌లో వచ్చే ధ్వనిని సరిదిద్దే సాఫ్ట్‌వేర్. దాని సెట్టింగులు మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో ఫ్రీక్వెన్సీ (ఏ స్థాయి ధ్వని), గెయిన్ (ఎంత పెంచాలి లేదా తగ్గించాలి), క్యూ (ఫిల్టరు ఎంత సన్నగా ఉండాలి) విలువలు రాసి సేవ్ చేస్తే వెంటనే అమలవుతాయి. బొమ్మలతో పనే లేదు!

కొలతలు మాత్రం నల్గొండ నుంచి వచ్చిన సౌండ్ ఇంజినీరు తీశారు. మా గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 10 అడుగులే. అందుకే మూడు దిక్కుల అనునాదమూ (ఎదురెదురు గోడల మధ్య ధ్వని తిరిగి తిరిగి తగిలి పెరగడం) 56 హెర్ట్జ్ దగ్గరే పోగుపడుతోందట. పైగా నా కుర్చీ వెనక గోడకు ఆనుకుని ఉంది. మోత ఎక్కువగా వినిపించేది అక్కడే. ముందుకు జరపగానే చాలావరకు తగ్గింది. మిగిలినది ఫిల్టరు చూసుకుంది.

కొత్త స్పీకర్లు అక్కర్లేకపోయింది. గోడలకు అంటించిన ఫోము ఇంత కింది స్థాయి ధ్వనిని ఏమీ చేయలేదు, గది అందం చెడగొట్టడం తప్ప.

ఏఎస్ఐఓ డ్రైవరు (విండోస్ మిక్సర్‌ను దాటి ధ్వనిని నేరుగా సౌండ్ కార్డుకు పంపేది) వాడేవారికి ఒక మాట: ఆ దారిన వెళ్లే ధ్వనిపై ఏపీఓ పనిచేయదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో మానిటరింగ్ ఎఫ్ఎక్స్ (వినేటప్పుడు మాత్రమే పనిచేసే ఎఫెక్టుల చోటు) కింద దాని సొంత ఈక్వలైజర్ రీఈక్యూ పెట్టి అవే అంకెలు ఇవ్వండి. అది క్యూ బదులు ఆక్టేవుల్లో వెడల్పు అడుగుతుంది. క్యూ 4 అంటే సుమారు 0.36.