పన్నెండు కిలోమీటర్ల అంతరిక్ష నౌకను పాఠకుడు నమ్ముతాడా? (చర్చ)

పడవరేవు:
నేను ఒక పెద్ద కథ రాస్తున్నాను. అందులోని నౌక పొడవు 12 కిలోమీటర్లు, లోపల లక్ష మంది జనం. చిత్తుప్రతి చదివిన మిత్రుడు "ఇంత పొడవెందుకు, అరకిలోమీటరు చాలదా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. నిజం చెప్పాలంటే, 1977 నాటి స్టార్ వార్స్ మొదటి దృశ్యాన్ని చిన్నప్పుడు వీడియో క్యాసెట్టులో చూసినప్పుడు, తెర పైఅంచు నుంచి దిగిన ఆ ఓడ అడుగుభాగం ఎంతసేపటికీ పూర్తి కాకపోవడం నాలో అలాగే ఉండిపోయింది. పెద్ద నౌకలు మిమ్మల్ని ఎందుకు ఆకట్టుకుంటాయో, ఎక్కడ నమ్మకం సడలిపోతుందో మీ అనుభవాలు చెప్పగలరు.

బొమ్మలపెట్టె:
మీరు చూసిన ఆ ఓడ కథలో 1,600 మీటర్లు, కానీ చిత్రీకరణకు వాడిన నమూనా సుమారు మూడడుగులు మాత్రమే. నేను గ్రాఫిక్స్ పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట చెప్పగలను. చూసేవాడికి పెద్దతనాన్ని తెలిపేది పొడవు కాదు, దాని పక్కనున్న చిన్న వస్తువు. నాగార్జునసాగర్ ఆనకట్ట దిగువన నిలబడి 26 గేట్ల వరసను చూసినప్పుడు మొదట అది పెద్ద గోడలాగే కనిపించింది. పైన వంతెన మీద ఎవరో గొడుగు పట్టుకుని నడవడం కంటబడిన తరువాతే ఒళ్లు జలదరించింది. అందుకే ఆ రోజుల్లో నమూనాలు చేసేవారు ప్లాస్టిక్ ట్యాంకుల, యుద్ధనౌకల కిట్లు కొని, వాటిలోని చిన్న చిన్న ముక్కలను నమూనా పైభాగమంతా అతికించేవారు. మీ కథలోనూ కిలోమీటర్లు చెప్పే వాక్యం కన్నా, ఒక చివర పనిచేసే మనిషి రెండో చివర ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లాలంటే రెండు పూటల భోజనం కట్టుకోవాలన్న వాక్యం ఎక్కువ పనిచేస్తుంది.

డాక్‌యార్డు మనిషి:
క్షమించాలి, నాకు ఈ పెద్ద నౌకల మోజు ఎన్నడూ అర్థం కాలేదు. విశాఖ బీచిలో ప్రదర్శనకు పెట్టిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిలోకి ఒకసారి వెళ్లి రండి. పొడవు 91 మీటర్లు, అందులో 70 మందికి పైగా సిబ్బంది. గుండ్రటి ద్వారాల గుండా నడుము వంచి దూరవలసిందే, పడకల పక్కనే టార్పెడోలు. అంగుళం చోటు కూడా ఖర్చే అయిన చోట మనుషులు కట్టేది అలాగే ఉంటుంది. ముప్పై అడుగుల ఎత్తు వసారాలున్న అంతరిక్ష నౌకను చూస్తే నాకు పెళ్లి మండపమే గుర్తుకు వస్తుంది.

పుస్తకాల పురుగు:
డాక్‌యార్డు గారూ, కురుసుర కొన్ని వారాలకో నెలలకో రేవుకు తిరిగి వచ్చేది. తిరిగి రాని ప్రయాణానికి ఆ కొలత పనికిరాదు కదా. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాము. ఆ ఊహలోని ఆకర్షణ వేగంలో లేదు, చోటులోనే ఉంది. ఆంగ్ల రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1973లో రాసిన "రాండెవూ విత్ రామా" నవలను నేను కరెంటు లేని రాత్రి లాంతరు దగ్గర చదివాను. 50 కిలోమీటర్ల పొడవున్న, గొట్టంలాంటి ఆ పరాయి నౌకలోకి మనుషులు చిమ్మచీకట్లో మెట్లు దిగుతూ ఉంటే, నాకు మా పెరటి గోడ కూడా చాలా దూరంగా అనిపించింది. ఆ నౌక ఎవరితోనూ పోట్లాడదు, వచ్చినవారిని పలకరించదు కూడా. దాని పరిమాణాన్ని నేను నమ్మడానికి కారణం అదేనని ఇప్పుడు అనిపిస్తున్నది.

సున్నా గురుత్వం:
భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక కొంచెం లెక్క వేస్తాను. నౌక పెద్దదిగా ఉండడానికి కచ్చితమైన కారణం ఒకటుంది, అది గురుత్వం. నౌకను గుండ్రంగా తిప్పి కృత్రిమ బరువు కల్పించాలంటే, చిన్న నౌకను చాలా వేగంగా తిప్పాలి, తల తిరుగుతుంది. నిమిషానికి రెండు చుట్లకు మించకుండా భూమి మీద ఉన్నంత బరువు కావాలంటే వ్యాసం దాదాపు 450 మీటర్లు ఉండాలి. అంటే, మీ మిత్రుడు చెప్పిన అరకిలోమీటరు కనీస కొలత అవుతుంది. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త జెరార్డ్ ఓనీల్ 1970లలో ఊహించిన అంతరిక్ష ఆవాసాలు సుమారు 8 కిలోమీటర్ల వ్యాసం, 32 కిలోమీటర్ల పొడవు ఉన్నవి. అవి రెండు నిమిషాలకు పైగా సమయంలో ఒక చుట్టు తిరిగితే సరిపోతుంది.

రెండో కారణం రేడియేషన్ నుంచి రక్షణ. నౌక కొలతలు రెట్టింపైతే గోడ వైశాల్యం నాలుగు రెట్లు, లోపలి చోటు ఎనిమిది రెట్లు అవుతాయి కాబట్టి, మనిషికి ఇన్ని టన్నుల కవచం అని లెక్క వేసుకుంటే పెద్ద నౌకలో అది తగ్గుతుంది. అయితే ఇదే సూత్రం మరొక చోట ఎదురు తిరుగుతుంది. శూన్యంలో వేడి బయటికి పోవడానికి వికిరణం (కిరణాలుగా వెలువడడం) తప్ప వేరే దారి లేదు. లక్ష మంది శరీరాల నుంచి వచ్చే వేడే సుమారు పది మెగావాట్లు, యంత్రాల వేడి దానికి అదనం. దాన్ని వదిలించుకునే ఉపరితలమేమో జనంతో సమానంగా పెరగదు. అందుచేత పెద్ద నౌకకు రెక్కల్లాంటి రేడియేటర్లు తప్పవు. చిత్రాలలో ఇవి చాలా అరుదుగా కనిపిస్తాయి.

పడవరేవు:
సున్నా గారూ, ఎంతో మేలు చేశారు. మూడో అధ్యాయంలో ఎదుటి నౌక దాడి చేసినప్పుడు మా నౌక అరనిమిషంలో లంబకోణంలో తిరిగి ఎదురు కాల్పులు జరుపుతుంది. ఇది ఇబ్బందా?

సున్నా గురుత్వం:
పెద్ద ఇబ్బందే. ముక్కు దగ్గర ఉన్నవాడు కేంద్రం నుంచి 6 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మొదటి పదిహేను సెకన్లు వేగం పెంచి, తరువాతి పదిహేను సెకన్లు తగ్గించారనుకున్నా, వాడి మీద పక్కకు నెట్టే బలమే భూగురుత్వానికి నాలుగు రెట్లు దాటుతుంది. మలుపు మధ్యలో బయటికి విసిరే బలం ఆరు రెట్లకు పైనే. శత్రువు ఒక్క గుండు పేల్చకుండానే నౌక రెండు చివరల్లోని జనం గోడలకు అతుక్కుపోతారు. అదే మలుపుకు పావుగంట ఇస్తే ఎవరి గ్లాసులో నీళ్లూ ఒలకవు.

డాక్‌యార్డు మనిషి:
లెక్క చూశాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను, కానీ కట్టేవాడి బాధ కూడా వినాలి. మా యార్డులో పొడవాటి ఓడకు కొలతలు తీసేది తెల్లవారుజామున, సూర్యుడు రాకముందే. ఎండ ఎక్కితే డెక్కు సాగుతుంది, అడుగుభాగం చల్లగానే ఉంటుంది, ఓడ మొత్తం వంగిపోతుంది. నా కొత్తలో పదకొండు గంటలకు తీసిన కొలత పెద్దాయన చేతిలో పెడితే ఆయన కాగితం చూడకుండానే చించేశారు. ఉక్కు వంద డిగ్రీల తేడాకు మీటరుకు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. మీ 12 కిలోమీటర్ల నౌకలో ఎండ పడే వైపు నీడ వైపు కన్నా వంద డిగ్రీలు వేడెక్కినా 14 మీటర్లకు పైగా తేడా వస్తుంది. అంతరిక్షంలో అంతకన్నా ఎక్కువ తేడాలు మామూలే. కాబట్టి కీళ్లు లేకుండా ఒకే ముక్కగా కట్టానని మాత్రం రాయకండి.

తడ దారి:
ఆ ఉక్కంతా పైకి ఎలా వెళ్లిందన్నది నా సందేహం. 2023 జులై 14న చంద్రయాన్-3 ప్రయోగాన్ని శ్రీహరికోట సందర్శకుల గ్యాలరీ నుంచి చూశాను. నిప్పు ముందు కనిపించింది, శబ్దం కాసేపటికి వచ్చి ఛాతీని తాకింది. 640 టన్నుల బరువుతో లేచిన ఆ రాకెట్టు కక్ష్యలో విడిచిపెట్టిన నౌక నాలుగు టన్నులకు లోపే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 109 మీటర్లే, బరువు 420 టన్నుల వరకు. 1998లో మొదలైన దాని ప్రధాన నిర్మాణానికే పదమూడేళ్లు పట్టింది. అది చూసినవాడికి, భూమి మీది నుంచి ముక్కలు మోసి 12 కిలోమీటర్ల నౌకను కట్టారంటే అసలు నమ్మబుద్ధి కాదు.

పుస్తకాల పురుగు:
ఓనీల్ అందుకే భూమిని వదిలి చంద్రుడి మట్టిని ముడిసరుకుగా ఎంచుకున్నారు. అక్కడ గురుత్వం ఆరో వంతే, గాలి అడ్డు లేదు. కథకుడు నౌకను ఎక్కడ కట్టారో ఒక్క పేరాలో చెప్పినా తడ దారి గారి సందేహం తీరుతుంది.

పడవరేవు:
అందరికీ కృతజ్ఞతలు. నౌకను చంద్రుడి దగ్గరే కట్టించాను, కీళ్లు పెట్టాను, వాటిని పర్యవేక్షించే ముసలి మేస్త్రీ పాత్ర కొత్తగా వచ్చింది. ఆయన కోపం డాక్‌యార్డు గారి పెద్దాయనదే. మలుపుకు పావుగంట ఇచ్చాను. అందువల్ల ఎదుటివాడు మొదటి దెబ్బ తప్పకుండా కొడతాడని నౌకలో అందరికీ ముందే తెలుసు, ఆ పావుగంటే ఇప్పుడు అధ్యాయమంతా. కానీ అయిదో అధ్యాయంలో నౌక దీపాలన్నీ ఆర్పి చీకట్లో దాక్కుంటుంది. దాన్ని నేను చాలా ఇష్టపడి రాసుకున్నాను.

సున్నా గురుత్వం:
దీపాలు ఆర్పగలరు, పది మెగావాట్ల ఒంటివేడిని ఆర్పలేరు. వేడిని పసిగట్టే పరారుణ దుర్భిణి ఉన్న శత్రువుకు మీ నౌక కుంపటిలా కనిపిస్తుంది. ఆ అధ్యాయం తీసేయవలసిందే.

పడవరేవు:
రెండు రోజులు ఆగి తీసేస్తాను.