హోండా ఏటీసీ 110 (మూడు చక్రాల ఏటీవీ, అంటే రోడ్డు లేని నేలమీద నడిపే బండి): కొనేముందు ఏం చూడాలి?

ఉక్కునగరం_బండ్లు:
గాజువాకలో ఒక షెడ్డులో హోండా ఏటీసీ 110 అమ్మకానికి ఉంది. ఇంజిన్ జామ్ అయింది, స్టార్టర్ తాడు కదలట్లేదు. చాసిస్ నంబర్‌లో పదో అక్షరం D. టైర్లు బీటలు తీశాయి. హీరో హోండా సీడీ 100 బైకు పిస్టన్ వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? ముందు దేనిమీద ఖర్చు పెట్టాలి?

ఆటోనగర్ ఫిట్టర్:
D అంటే 1983 మోడల్. పిస్టన్ సరిపోదండి. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 49.5 మి.మీ. కాబట్టి చాలామంది అలా అనుకుంటారు గానీ, సీడీ 100 బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 50, దీనిది 52.

తాడు గట్టిగా లాగకండి, తాడును వెనక్కి చుట్టుకునే రీకాయిల్ విరుగుతుంది. ఈ ఇంజిన్ సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది. బండి నేలమీద ఉండగా ప్లగ్గు రంధ్రంలో ఏం పోసినా కిందివైపే నిలుస్తుంది, పైవైపు రింగులు పొడిగానే ఉండిపోతాయి. అందుకని ఆయిలు, పెట్రోలు దించేసి, ముందు చక్రం ఆకాశం చూసేలా బండిని వెనక్కి నిలబెట్టండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఏటీఎఫ్ ఆయిలు, అసిటోన్ సగం సగం కలిపి ప్లగ్గు రంధ్రంలో ఓ 30 మి.లీ. పోయండి. అసిటోన్ ఆవిరవుతుంటుంది, రోజూ కాస్త కలుపుతూ నాలుగైదు రోజులు ఉంచాలి. తర్వాత ఫ్లైవీల్ నట్టుకి సాకెట్ వేసి అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడించండి. సుత్తి వద్దు.

తిరిగినా సరే, హెడ్ విప్పి బోరు కొలవాల్సిందే. తుప్పు గుంటలుంటే రీబోరు (సిలిండర్ లోపల కోసి కాస్త పెద్దది చేయడం) తప్పదు. ఓవర్‌సైజు పిస్టన్ చేతికొచ్చాకే, దాన్ని కొలిచి బోరింగు చేయించండి. ముందే బోరు చేయిస్తే ఆ సైజు దొరక్కపోవచ్చు. 1988లో అమెరికాలో కొత్త మూడు చక్రాల ఏటీవీల అమ్మకం ఆగిపోయింది, పార్టుల కోసం వెతుక్కోవాల్సిందే. బిగించాక ట్యాపెట్ గ్యాప్ (వాల్వు కొనకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) చల్లటి ఇంజిన్ మీద రెండు వాల్వులకీ 0.05 మి.మీ.

భీమిలి_రోడ్:
ఇంజిన్ కంటే ముందు వెనక యాక్సిల్ చూడండి బాబూ. మన దగ్గర ఉప్పుగాలి మొదట తినేది దాన్నే. వెనకవైపు లేపి, చక్రం పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. లొడలొడలాడితే బేరింగులు పోయినట్టే. కొత్తవి కష్టం కాదు, పాతదాని మీద నంబరు చూసి ఏ బేరింగుల షాపులోనైనా అడగొచ్చు. అసలు చిక్కు బేరింగు కూర్చునే హౌసింగ్ కోలగా అరిగిపోతే వస్తుంది. అప్పుడు కొత్త బేరింగు వేసినా నిలవదు. లేత్‌లో పెద్దది చేయించి బుష్ (లోహపు రింగు) కొట్టించాలి. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

ఫ్రేము కింది గొట్టాలను చిన్న సుత్తితో తట్టండి. ఖణేల్‌మంటే మంచిదే. బొదబొదమంటే లోపల తుప్పు తినేసింది, కోసి కొత్త గొట్టం వెల్డింగ్ చేయించాలి. పెయింటు మాట చివర్న.

ఉక్కునగరం_బండ్లు:
ధన్యవాదాలు అన్నా. టైర్లు, పెట్రోలు సంగతి?

ఆటోనగర్ ఫిట్టర్:
టైరు సైజు 22x11-8. బీటలు దారాల దాకా వెళ్తే మార్చాలి. గాలి 2.2 పీఎస్‌ఐ మాత్రమే. పెట్రోల్ బంకు గేజు అంత తక్కువ చూపించదు, తక్కువ ప్రెషర్ గేజు ప్రత్యేకంగా కొనండి. ఈ బండికి సస్పెన్షన్ లేదు, ఆ మెత్తటి టైర్లే సస్పెన్షన్. కారు టైరులా నింపితే గతుకులకి ఎగిరి పడుతుంది.

ఇప్పుడు దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, గాలిలోని తేమనీ పీలుస్తుంది. పెట్రోలు గొట్టం, కార్బురేటర్ ఓ-రింగులు కొత్తవి వైటన్ రకం (పెట్రోలుకి తట్టుకునే రబ్బరు) వేయండి. నెలల తరబడి తీయకపోతే కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి. లేకపోతే పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రం) మూసుకుపోయి ఐడ్లింగ్‌లో ఆగిపోతుంది.

భీమిలి_రోడ్:
ఇది రోడ్డు మీద తిప్పే బండి కాదు, ఖాళీ స్థలంలోనే నడపండి. మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు, రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ఒళ్లు లోపలికి వంచి, బరువు బయటివైపు ఫుట్‌పెగ్ మీద వేస్తేనే లోపలి చక్రం జారి బండి తిరుగుతుంది. బైకు అలవాటులో కాలు కింద పెడితే వెనక టైరు పాదం మీదికెక్కి మనిషిని కిందికి లాగేస్తుంది.