ప్యాకెట్ మీది కార్బ్స్‌లోంచి పీచు తీసేయాలా, వద్దా?

లీడ్స్_అమ్మ: మా పాపకు పదకొండేళ్లు, టైప్ 1 డయాబెటిస్. నిన్న రాత్రి రెండు హోల్‌మీల్ ర్యాప్‌లు (ముడి గోధుమ పిండి రొట్టెలు) తింది. ప్యాకెట్ మీద ఒక్కోదానికి కార్బోహైడ్రేట్ 24 గ్రాములు, ఫైబర్ 8 అని ఉంది. పీచు తీసేయమని ఇదివరకు ఇక్కడే చదివి, 48కి బదులు 32 గ్రాములకే ఇన్సులిన్ ఇచ్చాను. రెండు గంటలకు షుగర్ 15, అంటే ఇండియా, అమెరికా లెక్కలో 270. డైటీషియన్ సోమవారం దాకా దొరకరు. ఎక్కడ తప్పు చేశాను?

డాలస్_బాబాయ్: తీసేయడం కరెక్టే అమ్మా. నాకు టైప్ 2. ఎనిమిదేళ్లుగా ఇలాగే చేస్తున్నాను, ఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 9.1 నుంచి 6.4కి దిగింది. పీచు షుగర్‌గా మారదు. కూరలో ఏమన్నా పడిందేమో చూసుకోండి.

లీడ్స్_అమ్మ: బెండకాయ వేపుడు బాబాయ్. అందులో ఏముంటుంది?

రాగిముద్ద: ప్యాకెట్లు మానేసి ముద్ద తినండి, ఈ గోలే ఉండదు.

లీడ్స్_అమ్మ: ముద్దలోనూ కార్బ్స్ ఉంటాయండీ. దానికీ తూకం వేయాల్సిందే.

బెజవాడ_బుజ్జి: మీకు ఫైబర్ లైనన్నా ఉంది. మన దేశంలో పీచు గురించి గొప్ప చెప్పుకుంటే తప్ప ఆ లైన్ వేయడం తప్పనిసరి కాదు. షుగర్ 2 గ్రాములే అని చూసి మా నాన్నకు మల్టీగ్రెయిన్ బిస్కెట్లు తెచ్చాను. పైలైన్‌లో కార్బ్స్ 68. పదార్థాల జాబితాలో ముందుగా రాసింది మైదా. మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి) కూడా ఉంది, అది షుగర్ లైన్‌లోకి రాదట!

తూకంరాయి: లీడ్స్ అమ్మగారూ, ప్యాకెట్ మీద ప్రోటీన్, కొవ్వు, క్యాలరీలు ఎంతున్నాయి?

లీడ్స్_అమ్మ: ఒక్కోదానికి 5, 3, 159.

తూకంరాయి: మీ బ్రిటన్‌లో పీచుకు గ్రాముకు 2 క్యాలరీలు లెక్క; కార్బ్స్‌కూ ప్రోటీన్‌కూ 4, కొవ్వుకు 9. 24×4=96, 8×2=16, 5×4=20, 3×9=27. మొత్తం 159, సరిపోయింది. పీచు 24లోనే కలిసి ఉంటే మిగిలిన 16కే 4 చొప్పున లెక్క, మొత్తం 127 రావాలి. అంటే మీ ప్యాకెట్‌లో ముందే తీసేశారు, మీరు రెండోసారి తీశారు. అమెరికాలో టోటల్ కార్బ్‌లో పీచు కలిసే ఉంటుంది.

డాలస్_బాబాయ్: అంటే నా ఎనిమిదేళ్ల అనుభవం అబద్ధమా? షుగర్ వల్ల మా నాన్నకు కాలు తీసేశారు. ఆ భయంతో ప్రతి లేబులూ చదివినవాణ్ణి.

లీడ్స్_అమ్మ: అబద్ధం అనలేదు. మీరు తక్కువ తినడానికి లెక్కేస్తారు. నేను ఆ అంకె చూసి పిల్లకు సూది వేస్తాను. ఎక్కువేస్తే నిద్రలో షుగర్ పడిపోతుంది, తక్కువేస్తే నిన్నటిలా ఒంటి గంటకు నీళ్లు తాగుతూ ఏడుస్తుంది.

డాలస్_బాబాయ్: అలాంటప్పుడు ఆ రొట్టెలే మానిపించొచ్చు కదమ్మా.

లీడ్స్_అమ్మ: మానిపించను. తోటి పిల్లలు తినేదే తినాలి. అందుకే ఇంత లెక్క!

డాలస్_బాబాయ్: ఈ విషయంలో మాత్రం మనిద్దరికీ కుదరదు. సరే, వంటింట్లో ఉన్న ప్యాకెట్ ఇప్పుడే చూశాను. మాకు ఫైబర్‌ను టోటల్ కార్బ్ కింద కొంచెం లోపలికి జరిపి రాశారు. మీకు?

లీడ్స్_అమ్మ: షుగర్స్‌ను అలా జరిపారు. ఫైబర్ దాని కింద విడి లైన్, మొదటికంటా ఉంది.